విడిగా పెట్టిన గ్లాసు

ఆ అపార్ట్‌మెంట్‌లో మరమనుషులు అన్ని ఇళ్ళకూ ఉమ్మడి. పని ముగిశాక "అయిపోయింది" అంటేనే మరమనిషి ఆ ఇంటి సంగతులు మరచిపోతుంది. అనకుండా పంపితే, ఆ ఇంట్లో చెప్పినట్టే పక్కింట్లోనూ చేస్తుంది. పొద్దున పక్కింటి కరుణ వచ్చి కాఫీ తాగి వెళ్ళాక, ఆఫీసు హడావిడిలో వకుళ ఆ మాట అనడం మరచింది.

సాయంత్రం కరుణ వకుళను టీకి పిలిచింది. కరుణ తాగడం అవగానే మరమనిషి ఆమె గ్లాసు తీసుకెళ్ళి బాల్కనీలో ఓ మూల పెట్టింది.

"అక్కడెందుకు పెట్టావ్?" అంది కరుణ.

"మీరు తాగిన గ్లాసు మిగతావాటిలో కలపొద్దని పొద్దున వకుళగారు చెప్పారండి."

వకుళకు తల కొట్టేసినట్టయింది.

"అయిపోయింది," అంది కరుణ మరమనిషితో. అది అంతా మరచిపోయి వెళ్ళిపోయింది.

తన చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో వకుళకు తెలియలేదు.