సమాధి దగ్గర తొలి క్లాప్

బసవపున్నయ్యకు పొద్దుటి నుంచీ కాలూ చెయ్యీ ఆడటం లేదు.

పదింటికల్లా వీరరాఘవయ్య గారి సమాధి దొరకాలి. దొరక్కపోతే తన ప్రొడక్షన్ మేనేజర్ ఉద్యోగం హుళక్కే.

హీరోగారి సెంటిమెంటు మరి. చిన్నప్పుడు వీరరాఘవయ్య గారి రాక్షస వేషాలు చూసే తనకు సినిమా పిచ్చి పట్టిందట. కొత్త సినిమా తొలి క్లాప్ ఆ మహానటుడి సమాధి దగ్గరే కొట్టాలని పట్టుబట్టాడు.

ఆయన ఎప్పుడు పోయారో ఫిలింనగర్‌లో ఒక్కరికీ సరిగ్గా తెలియదు.

"మొన్నటేడే కదూ" అన్నాడొకడు.

"అబ్బే, అప్పుడెప్పుడో" అన్నాడు ఇంకొకడు.

బుర్ర తిరిగిపోయింది బసవపున్నయ్యకు. చివరికి గుట్ట కింద శ్మశానంలో ఒక రాతి మీద అక్షరాలు కనిపించాయి. 'మహానటుడు వీరరాఘవయ్య.'

హమ్మయ్య, బతికిపోయాననుకున్నాడు.

పక్కనే ఒక ముసలాయన కూర్చుని గడ్డి పీకుతున్నాడు.

"తాతా, వాచ్‌మన్‌వా?"

"కాదు బాబూ. అతను టీకి వెళ్లాడు."

"ఇది వీరరాఘవయ్య గారి సమాధే కదా?"

ముసలాయన రాయి వంక చూశాడు. బసవపున్నయ్య వంక చూశాడు.

"వీరరాఘవయ్య సమాధా?"

"పేరు కనబడుతుంటే మళ్లీ అడుగుతావేం? జరుగు, హీరోగారు వచ్చేస్తున్నారు."

"అది కాదు బాబూ, నేను..."

"తర్వాత చెబుదువుగాని, ముందు లేచి అటు నిలబడు."

జూబ్లీహిల్స్ వైపు నుంచి కార్లు దిగాయి. హీరోగారు రాతికి దండ వేసి, చేతులు జోడించాడు.

వెనక నిలబడ్డ ముసలాయన కూడా చేతులు జోడించి, "సంతోషం నాయనా" అన్నాడు.

బసవపున్నయ్య పరుగున వెళ్లి రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. "దణ్ణం పెట్టింది సమాధికి తాతా, నీక్కాదు."

పాపం, మతి చలించినట్టుందనుకున్నాడు.

హీరోగారి కళ్లు చెమర్చాయి. "ఇందులో తాత వేషం ఆయనే వెయ్యాల్సింది. మాకా అదృష్టం లేదు" అన్నాడు.

కొబ్బరికాయ కొట్టారు. క్లాప్ కొట్టారు. వచ్చినంత వేగంగా కార్లు వెళ్లిపోయాయి.

ముసలాయన మెల్లగా దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఆ తాత వేషం ఎవరికైనా ఇచ్చేశారా?"

"ఇంకా లేదు. ఏం?"

"నాకిప్పిస్తారా? మొహానికి రంగేసుకుని చాలాకాలమైంది. కానీ చెయ్యగలను."

బసవపున్నయ్యకు నవ్వాగలేదు. "అది వీరరాఘవయ్య గారి స్థాయి వేషం తాతా. అడగటానికైనా ఓ అర్థం ఉండాలి."

ముసలాయన వంగి దండ కొంచెం సర్ది, రాతిని ఒకసారి తడిమి, గేటు వైపు నడిచాడు.

బసవపున్నయ్యకు ఎందుకో మనసు చివుక్కుమంది. ఎందుకో మాత్రం అంతుబట్టలేదు.

అంతలో, వెనక ఉండిపోయిన ఫొటోగ్రాఫర్ పిలిచాడు. "పున్నయ్యగారూ, పేపర్లో ఫొటో కింద వెయ్యాలి. ఆయన ఏ సంవత్సరం పోయారండీ?"

"రాతి మీద ఉంటుందిలే, చూద్దాం."

బసవపున్నయ్య దండ పైకెత్తి, కొబ్బరిచిప్పతో అడుగున పేరుకున్న మట్టి గీకాడు. 1986 అని కనిపించింది. దాని పైన ఇంకో వరుస బయటపడింది.

'గారి ధర్మపత్ని శకుంతలమ్మ.'

"అదేంటండీ, ఇది వాళ్లావిడ సమాధా?" అన్నాడు ఫొటోగ్రాఫర్. "మరి ఆయనది?"

బసవపున్నయ్య చుట్టూ ఉన్న రాళ్లన్నీ గబగబా వెతికాడు. ఎక్కడా ఆ పేరు లేదు.

టీ తాగి అప్పుడే గేట్లోంచి వస్తున్నాడు వాచ్‌మన్ ఓదెలు. బసవపున్నయ్య ఎదురెళ్లి పట్టుకున్నాడు.

"ఏమయ్యా, వీరరాఘవయ్య గారి సమాధి ఎక్కడ?"

ఓదెలు అయోమయంగా చూశాడు.

"ఆయనకు సమాధేంది సార్? గిప్పుడే గదా, నాతోని మాట్లాడి టోలిచౌకి బస్సెక్కిండు."