స్టాంపు కింద మెతుకు

"తోవల ఎవరి పర్సన్న దొరికితే తిరిగి ఇస్తవా, సంగప్పా?"

"అది దొరికిననాడు తెలుస్తదమ్మా. ఇప్పుడెట్ల చెప్త?"

మనోరమకు విసుగొచ్చింది. 1979 వానాకాలం అది. ఆమె హైదరాబాదులో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. మనిషి నిజాయితీని ఇరవై ప్రశ్నలతో కొలిచే కాగితం పట్టుకుని సొంత ఊరు జహీరాబాద్ వచ్చింది.

బస్టాండు ఎదుట పది దుకాణాలు. పదిమంది యజమానులూ అన్నిటికీ మంచి జవాబులే చెప్పారు. ఒకాయనైతే ప్రశ్న పూర్తికాకముందే చెప్పేశాడు.

రోజూ తెల్లవారే ఆ దుకాణాల ముందు ఊడ్చి నీళ్లు చల్లే సంగప్ప మాత్రం ఇరవైకీ ఒకటే మాట అన్నాడు. మనోరమ అతనికి సున్నా వేసి, పక్కన 'నమ్మడం కష్టం' అని రాసుకుంది.

హైదరాబాదులో ఆ కాగితాలు చూసి ప్రొఫెసరు నవ్వాడు.

"అడిగితే అందరూ మంచివాళ్లేనమ్మా. అడగకుండా కొలిచి చూడు."

తన చిరునామా రాసి స్టాంపు అంటించిన ఉత్తరాలు దారిలో జారిపోయినట్టు పడేయాలట. ఎన్ని పోస్టులో తిరిగొస్తే ఊరికి అన్ని మార్కులట.

మనోరమకు రోషం వచ్చింది. ఇక ఇది ఊరి పరువు. ఒక సాయంత్రం మళ్లీ ఊరొచ్చి పది దుకాణాల ముందూ పది ఉత్తరాలు జారవిడిచి బస్సెక్కింది. బస్సు కదలగానే వాన మొదలైంది. దారి పొడుగునా ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

వారం తర్వాత ఉత్తరాలొచ్చాయి. పదికి పది.

కవర్లు నాని ఆరినట్టున్నాయి. ఊడిన స్టాంపుల్ని అన్నం మెతుకులతో అతికించారు. పదింటికీ మెతుకులే. మా ఊళ్లో అందరిదీ ఒకటే మనసని మనోరమ మురిసిపోయింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. లెక్చరరయ్యాక కూడా ఆ ఊరి కథ చెప్పకుండా ఆమె పాఠం ముగిసేది కాదు. ఒకరోజు జహీరాబాద్ బస్టాండులో దిగింది. లారీల్లోంచి చిన్నప్పటి అదే పచ్చి అల్లం వాసన. ప్రాణం లేచొచ్చింది. ఆ పదిమందికీ దండం పెట్టి పోదామనుకుంది.

"ఏం ఉత్తరాలమ్మా?" అన్నాడు మొదటాయన.

రెండో ఆయనకూ తెలియదు. పదో దుకాణం దాటేసరికి ఆమె ముఖం చిన్నబోయింది.

మూలన సంగప్ప భార్య గిరిజమ్మ ఊడుస్తోంది. సంగప్ప పోయినేడే పోయాడట. ఉత్తరాల మాట వినగానే చీపురు ఆపింది.

"నాకు యాదున్నదమ్మా. వానల తడుస్తుంటె అందరు తొక్కుకుంట పోయిన్రు. మా ఆయన ఏరుకొచ్చి పొయ్యి కాడ ఆరబెట్టిండు. ఎవరు ఎదురుచూస్తున్నరో ఏమో అన్నడు."

చీపురు గోడకానించి మళ్లీ అంది.

"మాకు దినాం రొట్టెలే. పండుగకు దాపెట్టిన బియ్యం ఆ పొద్దు వండిపిచ్చిండు, స్టాంపులు అతికియ్యనీకి."

మనోరమ ఇన్నేళ్లూ ఊరికి వేసుకున్న పది మార్కులూ, ఆమె సున్నా వేసిన సంగప్పవి.