చెయ్యెత్తితేనే ఆగే బండి

విదర్‌కోట్ స్టేషన్‌లో ఎవరైనా చెయ్యెత్తితేనే బండి ఆగుతుంది. విక్టోరియా రాణి కాలంలో కట్టిన ఆ రాతి స్టేషన్‌లో ఇప్పుడు టికెట్లిచ్చే నాథుడు కూడా లేడు. పూలకుండీలకు నీళ్ళు పోసే ముసలి సెడ్రిక్ ఒక్కడే, చీకటి పడ్డాక కూడా బెంచీ మీద కూర్చుని ఉంటాడు. ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో టీ పోస్తాడు. రెండోది చనిపోయిన భార్య మ్యూరియల్‌ది. ఆఖరి బండి ఆగకుండా వెళ్ళిపోయాక, చల్లారిన ఆ టీని కుండీలో పారబోసి ఇంటికి పోతాడు.

ఆ సాయంత్రం ఆఖరి బండి ఆగింది.

తలుపు తెరుచుకుంది. కొత్త గార్డు తల బయటపెట్టాడు. "రండి పెద్దాయనా, చలికి బిగుసుకుపోతారు."

"నేను చెయ్యెత్తలేదు నాయనా."

"మీరు కాదులెండి. మీ పక్కన కూర్చున్నావిడ ఎత్తారుగా."

"నా పక్కన ఎవరున్నారయ్యా? ముసలాణ్ణని ఆటపట్టిస్తున్నావా?"

"వారం నుంచీ చూస్తూనే ఉన్నాను, నీలం కోటు ఆవిడ. అదిగో, ఎక్కేశారు కూడా. మీరు వస్తారా, రారా?"

నీలం కోటు. శవపేటికలో పెట్టేముందు మ్యూరియల్‌కు దాన్ని తనే తొడిగాడు. తలుపు మూసుకుంది, బండి కదిలింది. సెడ్రిక్ పక్కకు చూశాడు. రెండో కప్పు ఖాళీగా ఉంది.

అప్పుడు చెయ్యెత్తాడు. బండి వెనక ఎర్రదీపం మలుపులో మాయమైంది. ఆ రాత్రికి ఇంక బండ్లు లేవని అతనికి తెలుసు. అయినా ఎత్తిన చెయ్యి దించబుద్ధి కాలేదు.

కాసేపటికి పట్టాలు సన్నగా మోగడం మొదలుపెట్టాయి.