సిగ్నల్ పక్క బెంచీ

పొద్దున్నే దర్జీకి కడుపు మండిపోయింది.

మళ్ళీ ఆ ముసలాయనే, ఆ బెంచీ మీద!

రోడ్డు పక్కనే చెట్లు పెంచి వేసిన నడకదారి అది. పేరుకే పచ్చదనం. కంచె అవతల హారన్లు చెవుల్లో మేకులు కొడతాయి. బస్సుల సెగకి ఆకులు ఇస్త్రీ చేసినట్టు అణిగిపోతాయి.

సిగ్నల్ పక్కనున్న ఆ ఒక్క బెంచీ దగ్గరే చల్లగా, ఎవరో జోకొడుతున్నట్టు ఉంటుంది.

"రోజంతా మిషను మోత, ఇస్త్రీపెట్టె సెగ నాకు. చల్లగాలి ఆయనకా?" అన్నాడు పెళ్ళాంతో.

"నువ్వూ కూర్చో. బెంచీకి నలుగురు పడతారుగా."

"రాజుగారి పక్కన విసనకర్ర పట్టుకున్నవాడిలాగానా?"

"అబ్బో, కుళ్ళు! ఆ పెద్దాయన ఎంత మర్యాదగా పలకరిస్తాడో."

ఆ మాటకి దర్జీ ఒళ్ళు భగ్గుమంది. ఎంత భగ్గుమందంటే, పైన కూర్చున్న కాకి కొమ్మ మార్చుకుంది.

మర్నాడు చీకటితోనే వచ్చాడు. ముసలాయన ఉన్నాడు.

"బెంచీతో పాటే మొలిచాడా ఏంటి!"

తిన్నగా గేటు కాపలావాడి దగ్గరికెళ్ళాడు. వాడు ఉద్యోగానికి కొత్త.

"ఇది నడిచే దారా, కూర్చునే దారా? ఒక్క అడుగు వెయ్యడు, బెంచీ మాత్రం ఆయన సొంతం!"

కాపలావాడు వెళ్ళి లేవమన్నాడు.

ముసలాయన లేచాడు. చేతికర్ర అందుకున్నాడు. దర్జీ భుజం తట్టాడు.

"కూర్చో బాబూ. ఇక్కడ హాయిగా ఉంటుంది."

కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాతి రోజు దర్జీ పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని కాలు మీద కాలేశాడు.

ఎర్రలైటు పడింది.

బాబోయ్! ఊళ్ళో హారన్లన్నీ అక్కడే పుట్టినట్టు ఒకటే మోత. ఆగిన లారీలు గుర్రుమంటూ కంచె సందుల్లోంచి పొగ ఊదాయి. ఆ సెగకి దర్జీ మీసం కొసలు ఉంగరాలు తిరిగాయి.

"ఇదేనా నీ చల్లగాలి?" చెవి దగ్గర అరిచింది పెళ్ళాం.

ఇంతలో ఓ బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అయ్యా, ఇక్కడ కూర్చునే పెద్దాయన నిజంగానే వెళ్ళిపోయారా?"

"ఎక్కడికి?"

"కూతురి దగ్గరికి. ఆవిడ ఎన్నేళ్ళ నుంచి రమ్మన్నా, ఈ బెంచీ వదిలి రానన్నారు. నిన్న ఉన్నట్టుండి రైలెక్కేశారట. ఇక రారట."

దర్జీ కాలు మీంచి కాలు దించాడు.

"ఎవరాయన?"

"మా మాస్టారండీ! ఈ ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళందరికీ చెవి మెలేసి బండి నేర్పింది ఆయనే. ఆయన ఇక్కడ కూర్చుని చూస్తుంటే, ఇంజను ఆపకుండా నిలబడే ధైర్యం గానీ, హారన్ మీద చెయ్యి వేసే ధైర్యం గానీ ఎవడికుంటుంది?" అని, పచ్చలైటు పడగానే గట్టిగా హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.