ఐస్‌క్రీమ్ డబ్బాల ముద్దు

"రండి రండి, అందరూ దగ్గరికి జరగండి! గుసగుసలు ఆపండి. నోలా, నీ నోటికి వేరే చెప్పాలా!" డెల్మా కుర్చీ మీద కర్రగరిటెతో టకటకా కొట్టింది.

సినిమా క్లాసులో ఉన్నది తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒక్కరూ వినటం లేదు. పెలికన్ క్రీక్ ఊళ్ళో గోలకి పేరుపడ్డ కాకాటూ చిలకలైనా వీళ్ళకంటే నయం. పాఠం చెప్పే మిస్ జోసీ స్క్రిప్టు పైకెత్తింది.

"శుక్రవారం ఊరి హాల్లో మన సినిమా. కమిటీ షరతు ఒక్కటే, 'పీజీ' రేటింగ్ దాటకూడదు. చిన్నపిల్లలు అమ్మానాన్నల్ని పక్కన పెట్టుకుని చూడగలగాలి. ఇది చూడబోతే పదిహేనేళ్ళు దాటినవాళ్ళ 'ఎమ్'లోకి దూకేలా ఉంది. మొదటి పేజీలోనే మూడు హత్యలా?"

"రెండే మిస్. మూడోవాడు వాడంతట వాడే జారిపడ్డాడు," అంది నోలా.

"మరి ఈ రక్తం?"

"బీట్‌రూట్ ముక్కల రసం. నాలుగు డబ్బాలు తెచ్చాం."

"ఆ ముక్కలు బర్గర్లలో పెట్టుకు తినండి. రక్తం తీసేయండి. బూతులూ తీసేయండి."

"బూతులు తీసేస్తే మన క్లారీకి మాటలే మిగలవు కదా!"

హీరో క్లారీ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

"మరి ముద్దు?" అడిగింది హీరోయిన్ డెల్మా.

"ముద్దుకేం, అది పీజీలో పడుతుంది."

"మీ పీజీలో పడుతుందేమో మిస్. మా అమ్మ పీజీలో పడదు."

క్లాసంతా గొల్లుమంది. "ఒసే, నీకింకా మీ అమ్మంటే భయమేనా?" అంది నోలా.

"మా అమ్మ చేతికర్ర చప్పుడు వింటే నీకూ తెలిసేది!"

భయం ఉండదా మరి! క్లారీ ఎర్ర స్కూటరు మళ్ళీ గేటు దగ్గర కనిపిస్తే చక్రాలు ఊడబీకుతానని డెల్మా వాళ్ళమ్మ ఎథెల్ ఎప్పుడో చెప్పేసింది. ఏడింటికల్లా డెల్మా ఇంట్లో ఉండాలి. అందుకే ఈ రెండు నెలలుగా వాళ్ళిద్దరి ప్రేమంతా సినిమా క్లాసులోనే నడుస్తోంది. క్లారీకి ఓపిక అయిపోయింది.

"నిన్న మీ కంచె దాటబోయి గులాబీ మొక్కలో కూర్చున్నా డెల్మా. ఇంకా అక్కడే రెండు ముళ్ళున్నాయి. దొంగచాటు ప్రేమలు ఇక నావల్ల కాదు. శుక్రవారంలోగా మీ అమ్మకి చెప్తే సరే, లేకపోతే పెర్త్‌లో మా అక్క దగ్గరికి పోతా."

"నోటితో చెప్పలేను క్లారీ. తెర మీద చూపిస్తా. చివరిదాకా కూర్చుందా, ఒప్పుకున్నట్టే. మధ్యలో లేచిందా, ఇక నీ పెర్త్ నీదే," అంది డెల్మా.

ముద్దు సీను పార్కులో పెట్టారు. సెప్టెంబరు నెల, చెట్టు మీద మ్యాగ్‌పై గూడు. పిల్లల్ని పెట్టే ఆ రోజుల్లో ఆ పిట్ట కనిపించినవాళ్ళ నెత్తల్లా పొడుస్తుంది; దాని కింద వట్టితలతో నడిచే మొనగాడు ఊళ్ళో పుట్టలేదు. హీరో హీరోయిన్లిద్దరూ ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలు నెత్తిన బోర్లించుకున్నారు, పిట్ట బెదరాలని వాటి వెనక పెద్ద పెద్ద కళ్ళు గీసుకున్నారు. క్లారీ అటు తిరిగి, నోట్లోంచి ఏదో తీసి జేబులో వేసుకున్నాడు. "ఇక నేను రెడీ," అన్నాడు కొంచెం ముద్దగా.

"యాక్షన్!"

పెదవులు కలిశాయి. అంతలో పైనుంచి పిట్ట బాణంలా దిగింది. డబ్బాలు రెండూ ఠంగుమన్నాయి. డెల్మా గడ్డి మీద చతికిలబడితే లేవదీయడానికి ముగ్గురు కావలసొచ్చారు. పిట్ట క్లారీ డబ్బాని ఎత్తుకుపోయి గూటికి పైకప్పు వేసుకుందనీ, మర్నాడు దాన్ని చూసి పక్క పిట్టలు కుళ్ళుకున్నాయనీ ఊళ్ళో చెప్పుకుంటారు. రెండో టేక్ తీసే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

శుక్రవారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. తలుపు మీద 'పీజీ' అని అట్ట వేలాడదీశారు. ఎథెల్ దాన్ని కర్రతో పొడిచింది.

"ఏమిటిది?"

"అమ్మానాన్నలు పక్కనుండి చూపించాలని," చెప్పాడు గుమ్మంలో మాంసం కూరిన పైలు అమ్ముతున్న మెర్వ్.

"అయితే నడువు, నా పక్కనే కూర్చుందువుగాని," అంటూ ఎథెల్ కూతురి చెయ్యి పట్టుకుని ముందు వరసలోకి ఈడ్చుకుపోయింది.

దీపాలు ఆర్పారు. తెర మీద ముద్దు వచ్చింది, పిట్ట వచ్చింది, డబ్బాలు ఠంగుమన్నాయి. హాలంతా పొట్టలు పట్టుకుంది. డెల్మా మాత్రం వేళ్ళ సందుల్లోంచి అమ్మనే చూస్తోంది.

కర్ర నేలను తాకింది. ఎథెల్ లేచి నిలబడింది.

వెనక వరసలో క్లారీ టోపీ తీసుకుని లేవబోయాడు.

"ఆపండి!" అంది ఎథెల్. "ఆ ముక్క మళ్ళీ వెయ్యండి. కళ్ళజోడు పెట్టుకునేలోపే అయిపోయింది."

మళ్ళీ వేశారు. మూడోసారీ వేయించుకుంది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

"ఏమోయ్ స్కూటరబ్బాయ్! పిట్టొచ్చి పొడుస్తున్నా పిల్లని వదల్లేదు, పర్లేదు. ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. తలుపులోంచే రా, గులాబీలు తొక్కకు. ఏడింటి గడువు ఎనిమిదికి పెంచుతున్నా. అదీ పీజీ లెక్కే, నేను పక్కనే ఉంటా!"

డెల్మా అమ్మని వాటేసుకుంది. క్లారీ టోపీ పైకెగిరింది. చప్పట్ల మధ్యలో మెర్వ్ పైల తట్ట నెత్తికెత్తుకుని అరిచాడు:

"డెబ్బై ఒక్కేళ్ళ పిల్లకే ఇంత కట్టడైతే, యాభయ్యేళ్ళ నన్ను ఉయ్యాల్లో వెయ్యండి!"