మేస్త్రి చేతి పదును

“ఇంటికి తీసుకెళ్తానంటే కుదరదు మేస్త్రీ. ఇక్కడే, అందరి ముందూ పదును పెట్టాలి,” అన్నాడు యజమాని అల్లుడు, కొత్త యంత్రం మీద చెయ్యేసి.

మేస్త్రి చేతిలోని చైన్ల సంచి మెల్లగా కింద పెట్టాడు.

ఆ కలప అడితిలో చైన్ రంపాలన్నిటికీ పదును ఆయన ఇంటినుంచే వచ్చేది. సాయంత్రం మొద్దుబారిన చైన్లు సంచిలో వేసుకెళ్ళేవాడు, పొద్దున్నే తెచ్చి ఇచ్చేవాడు. రంపం ఆనిస్తే చాలు, ఎంత లావు దుంగయినా వెన్నలా తెగేది. మేస్త్రి పదునంటే పదునే అని ఇరవై ఏళ్ళుగా పేరు.

ఇప్పుడీ అల్లుడుగారు ఎక్కణ్ణించో పదును పెట్టే యంత్రం తెచ్చాడు. ఒక చైన్ యంత్రానికి, ఒక చైన్ మేస్త్రికి. ఏది ముందు దుంగని కోస్తే, రేపటినుంచి పదును పని దానిదే. ఓడితే మేస్త్రి ఈ వయసులో దుంగలు మోసుకోవాలి.

“ఈ గోలలో నాకు చెయ్యి కుదరదు బాబూ.”

“ఇరవై ఏళ్ళు తిరిగిన చెయ్యి గోలకి బెదురుతుందా?”

అందరూ గొల్లున నవ్వారు. యజమానికి మేస్త్రి అంటే అభిమానమే. కానీ అల్లుడి మాట కాదనే ధైర్యం ఏ మామకుంది? ఆయన ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడే మేస్త్రి భార్య భోజనం డబ్బాతో గేటు దగ్గరికి వచ్చింది. సంగతి విని అక్కడే ఆగిపోయింది. మేస్త్రి ఆమె వంక చూశాడు. ఆమె కళ్ళు మాత్రం బల్ల మీది ఆకురాయి మీదే ఉన్నాయి.

యంత్రం బర్రుమంది. ఐదు నిమిషాల్లో అల్లుడు చైన్ పైకెత్తి చూపించాడు. పళ్ళు తళతళలాడుతున్నాయి.

మేస్త్రి తన రంపాన్ని బల్లకి బిగించాడు. చెమట పట్టిన అరచేతులు చొక్కాకి తుడుచుకుని, మొదటి పంటికి సుద్దతో గుర్తు పెట్టాడు. అక్కణ్ణించి బయల్దేరి మళ్ళీ అక్కడికే రావాలి. పంటికి మూడు తోపులు, మూడూ ఒకే బలంతో. ముందుకు తోసేటప్పుడే రుద్దాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఆకురాయి పైకెత్తాలి. అన్నీ మనసులో వల్లె వేసుకుంటూ మొదలుపెట్టాడు.

రెండో పంటి దగ్గర గేటువైపు నుంచి దగ్గు వినిపించింది.

“దుమ్మండీ,” అంది ఆవిడ, ఎవరూ అడక్కుండానే.

మేస్త్రి ఆకురాయి వాలు కాస్త మార్చాడు. పని సాగింది.

“పెళ్ళికూతురి ముస్తాబులా ఉందే! ఇవాళ తెములుతుందా?” అన్నారెవరో వెనకనుంచి.

ఆయన తలెత్తలేదు. ఒక వరస పళ్ళు అయ్యాయి. ఇటు తిరిగి రెండో వరస పూర్తిచేశాడు. చివర్లో చదునైన ఆకురాయి తీసుకుని, ప్రతి పంటి ముందూ ఉండే చిన్న బొడిపెని కూడా కొంచెం అరగదీశాడు.

“కోసేది అది కాదుగా, దాన్నెందుకు రుద్దడం?” అన్నాడు అల్లుడు.

“అది ఎత్తుగా ఉంటే పన్ను కర్రలోకి దిగదు బాబూ.”

రెండు దుంగలూ సిద్ధమయ్యాయి. అల్లుడి రంపం పెద్దగా అరిచింది, సన్నటి పొడి రాల్చింది. సగంలోనే పొగ. పనివాడు ఒంటి బరువంతా మోపినా ముందుకు కదల్లేదు.

పక్కనే మేస్త్రి రంపం తనంతట తానే దిగిపోయింది. పొడి కాదు, గోరంత గోరంత పేళ్ళు జలజలా రాలాయి. చూస్తుండగానే దుంగ రెండై దభీమని పడింది.

అడితి అంతా ఈలలు, కేకలు. యజమానికి అప్పటికి గొంతు పెగిలింది.

“ఆ యంత్రం తిరిగిచ్చెయ్ అల్లుడూ! చైన్లు ఎప్పట్లాగే మేస్త్రి ఇంటికే వెళ్తాయి!”

పనివాళ్ళు మేస్త్రిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. అల్లుడు కక్కలేక మింగలేక వచ్చి చెయ్యి కలిపాడు. ఆ పైనుంచి చూస్తే మేస్త్రికి అడితి అంతా తన సొంతమే అనిపించింది.

హడావుడి తగ్గాక షెడ్డు వెనక భోజనానికి కూర్చున్నాడు. భార్య పక్కన చేరి, గెలిచిన చైన్‌ని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో పన్నూ గోటితో తడిమి చూసింది.

“మీరు ఆకురాయి పట్టడం ఇదే మొదటిసారి కదా, పర్వాలేదు లెండి,” అంది.