గుండయ్య ఉమ్మని చాయ్

శాలిబండలో చాయ్‌పత్తి దుకాణం నడిపే గుండయ్యకు సరుకు రుచి చూసేటప్పుడు మింగే అలవాటు లేదు. మొదటి కప్పు సర్రున జుర్రి, నోట్లో తిప్పి, గిన్నెలో ఉమ్మాడు.

“డార్జిలింగ్. మస్తు వాసన.”

రెండోదీ జుర్రి ఉమ్మాడు. “అస్సాం. గట్టిగుంది.”

మూడోది, ఆ రెండు ఆకులూ కలిపి భార్య నాగమణమ్మ కాచింది. నచ్చితే దుకాణంలో పెడతానని మాటిచ్చి ఉన్నాడు.

“ఇదేం చాయ్? ఆ వాసన లేదు, ఈ పస లేదు. ఎవరు కొంటరు దీన్ని?”

“మరి ఉమ్మలేదేంది మీరు?”

గుండయ్య కప్పులోకి చూసుకున్నాడు. చుక్క మిగల్లేదు.

“ఇంకొంచెం పొయ్యి. సరిగ్గ చూసి చెప్త.”

నాగమణమ్మ కప్పు నిండా పోసింది. ఉమ్మే గిన్నె మాత్రం లోపలికి తీసుకుపోయింది.